దున్న ఆగింది

పదకొండు దాటి నాలుగు నిమిషాలయింది. గాజుగది సారు చేతిగడియారం చూసుకున్నాడు, గోడగడియారం చూశాడు, స్క్రీను మూలనున్న అంకెలూ చూశాడు. మూడూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట చెప్పాయి. ఇంకా యాభై ఆరు నిమిషాలు. షెడ్డు మధ్యన ఇనుప మెట్లెక్కితే వచ్చే అద్దాల గదిలో కూర్చుని, కింద యంత్రాలు ఏం చెయ్యాలో కోడు రాసేవాడు గనక పనివాళ్ళు అతనికి ఆ పేరు పెట్టారు. ఎదురుపడితే సారూ అంటారు, వెనక గాజుగది అంటారు, ఇంకా వెనక ఏమంటారో అతనికి తెలియదు, ముఖ్యంగా ఈ పంతొమ్మిది రోజులుగా. పన్నెండింటికి దున్న మళ్ళీ లేస్తుంది. దున్న అంటే ప్రెస్సు, రేకును ఒక్క దెబ్బకు డబ్బామూతగా వంచే రెండు నిలువుల ఇనుము. దాని ముందు నిలబడబోయే మనిషి ఇప్పుడే మెట్లు దిగి వెళ్ళింది. చిటికె పెళ్ళాం. "సారూ, నా కార్డు నంబరు ఎక్కించమన్నారు" అని కాగితం ముక్క బల్ల అంచున పెట్టి, అతని మొహం చూడకుండా, మెట్ల మీద చెప్పుల చప్పుడైనా కాకుండా దిగిపోయింది. తిడితే బాగుండేది. తిట్టే మనిషిని ఎలా ఎదుర్కోవాలో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కాగితం ముక్క పెట్టి వెళ్ళిపోయే మనిషిని ఏం చెయ్యాలో తెలియదు.

కార్డు నంబరు చివర రెండు సున్నాలు. చిటికె నంబరు చివర ఏడు. దాన్ని చెరిపి దీన్ని ఎక్కించాలి, అంతే పని, అరనిమిషం పని, కానీ చెయ్యి ముందుకు రావడం లేదు. చెరపడమంటే మళ్ళీ ఇంకోసారి కొట్టినట్టనిపిస్తోంది. చిటికె అన్న పేరు ఎలా వచ్చిందంటే, షెడ్డు హోరులో అరిస్తే పక్కవాడికి కూడా వినబడదు, అతను మాత్రం చిటికె వేసి పిలిచేవాడు. బొటనవేలూ నడిమివేలూ కలిపి ఒక్క వేటు వేస్తే నలభై అడుగుల అవతల పాకింగులో ఉన్న పెళ్ళాం తలెత్తి చూసేది. ఇంత హోరులో అదెలా వినబడుతుందని ఫోర్‌మన్ అడిగితే, "నాకు వినబడదండీ, వీపు మీద తగులుతుంది" అనేది ఆమె, అందరూ నవ్వేవారు. ఆ కుడిచేతికిప్పుడు బొటనవేలు మిగిలింది. మిగతా నాలుగూ రేకులోకి పోయాయి. రేకు వంగే చప్పుడు గాజుగది సారుకు నిద్రలోనైనా తెలుసు, ధన్ మని పొడిగా ఉంటుంది. ఆ రోజు అది కాదు. ధన్ అనకముందు ఇంకేదో తడిగా నలిగింది, తర్వాత అరుపు రాలేదు, అరుపు రాకపోవడమే అతన్ని మెట్ల మీద నుంచి దూకించింది. చిటికె అరవలేదు. చేతిని మొహం ముందు పెట్టుకుని, ఇది ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ, బొటనవేలిని గాల్లో కదుపుతున్నాడు. చిటికె వేయబోతున్నాడని అర్థమవడానికి అతనికి రెండు క్షణాలు పట్టింది, అప్పుడు కళ్ళు బైర్లు కమ్మాయి. నెత్తురు దున్న నోట్లోంచి పళ్ళెంలోకి, పళ్ళెంలోంచి నేల మీదికి, నేల మీద నూనెలోకి. మూత మాత్రం చక్కగా వంగింది, అంచులన్నీ సరిగ్గా, ఎక్కడా గరుకు లేకుండా, లోపల నాలుగు గుర్తులతో.

దున్న నోటి ముందు కంటికి కనబడని వెలుతురు తెర ఒకటుంటుంది. దాన్ని చెయ్యి దాటితే ప్రెస్సు ఎక్కడున్నది అక్కడ ఆగిపోవాలి. ఆపే మాట రాసింది తనే. కొత్త దున్న వచ్చిన రోజు పనివాళ్ళందరినీ నిలబెట్టి, ఇక మీరు కావాలన్నా దీనికి చెయ్యి దొరకదు అని గొప్పలు పోయిందీ తనే, అది విని చిటికె నవ్వి ముందుకొచ్చి దాని ఇనుప దవడ నిమిరాడు. చిటికె చెయ్యి పోయిన రోజు రికార్డులో ఏముందంటే, పది నలభై రెండు నిమిషాల ఏడు సెకన్లు, చెయ్యి అడ్డం, దున్న ఆగింది. పక్క లైనులో, ఎనిమిది సెకన్లు, దెబ్బ పూర్తి. ఆగిన ప్రెస్సు తనంతట తను పడదు కాబట్టి, ఆగాక చిటికె దెబ్బ వేయించే పెడలు మళ్ళీ తొక్కాడని తేల్చారు. పెడలుకి రికార్డు ఉండదు కాబట్టి తొక్కలేదని చెప్పేవాడు ఒక్కడే, వాడు చిటికె. విచారణకొచ్చిన ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మీరేమంటారని అడిగితే గాజుగది సారు, "మనిషి మరిచిపోతాడండీ, రికార్డు మరిచిపోదు" అన్నాడు. ఎంత తీరుగా అన్నాడు! అద్దం ముందు నిలబడి సాధన చేసినవాడిలా. ఫోర్‌మన్ తలూపాడు, ఆఫీసరు రాసుకున్నాడు, చిటికెను పనిలోంచి తీసేశారు, పెళ్ళాన్ని జాలిపడి అదే ప్రెస్సు మీద పెట్టారు, అందరూ చేతులు దులుపుకున్నారు. దులుపుకోవడానికి అందరికీ చేతులున్నాయి.

పదకొండూ పదమూడు. కింద ఆమె దున్న చుట్టూ తిరిగి చూస్తోంది. మొగుడి చేతితొడుగులు ఇంకా పక్క కొక్కేనికే వేలాడుతున్నాయి, ఎవరూ తీయలేదు, ఆమే తీసి దులిపి మళ్ళీ తగిలించింది. గేటు దగ్గర గొడవ జరిగినప్పుడు కూడా ఉందామె. ఎనిమిది రోజుల కిందట, ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చాడు చిటికె, గుడ్డ చుట్టిన చెయ్యి ఛాతీకి కట్టుకుని, గేటు కడ్డీలకు అడ్డం నిలబడ్డాడు. "సారూ, నేను పెడలు మళ్ళీ తొక్కలేదు." ఒకసారి చెబితే సరే. నాలుగుసార్లన్నాడు, అరవకుండా, పిల్లవాడికి ఎక్కం చెబుతున్నట్టు. "తొక్కలేదు సారూ. ఒక్కసారే తొక్కాను. రేకు వంకరపడితే సర్దాను. తెర ఉంది కదా అని. మీరే కదా చెప్పింది." మీరే కదా చెప్పింది అన్న దగ్గర గాజుగది సారుకు ఒళ్ళు భగ్గున మండింది, చెవుల్లో రక్తం హోరెత్తింది, చొక్కా పట్టుకుని గేటుకేసి కొట్టాడు, ఒకసారి, రెండోసారి, కడ్డీలన్నీ గలగలలాడాయి, వాడు తన మంచి చేతిని అడ్డం పెట్టుకోలేదు, కట్టుకట్టిన చేతిని కాపాడుకుంటూ మొహం ఇచ్చేశాడు. పెదవి చిట్లింది. వాచ్‌మన్ వచ్చి పట్టుకున్నాడు. అప్పుడు చూసుకుంటే తన చేతికి గడియారం లేదు, జేబులో ఉంది. ఎప్పుడు విప్పాడో, ఎప్పుడు జేబులో వేసుకున్నాడో గుర్తే లేదు.

నాన్న అలాగే విప్పేవాడు. నాన్నకు టైర్ల కొట్టుండేది, కొట్టంతా కాలిన రబ్బరు వాసన, గోడకు పాత ట్యూబుల నుంచి కోసిన పట్టీలు వరసగా వేలాడుతుండేవి, గిరాకీల సామాను కట్టడానికి. కొడుకును కట్టడానికి కూడా. కోపం ముక్కుమీదుండే మనిషే గానీ కొట్టే ముందు తొందరపడడు. మణికట్టు గడియారం విప్పి, పట్టీ మడిచి, అరమీద పెట్టి, పగలకుండా వెనక్కి జరిపి, అప్పుడు రబ్బరు పట్టీ అందుకునేవాడు. గడియారం అరమీద పెట్టిన చిన్న టక్ చప్పుడుకే కొడుక్కి నిక్కరు తడిసేది. కొడుకు గాలి యంత్రం ఆపడం మరిచిపోయిన రోజున ట్యూబు పేలింది, ఆ రోజు మాత్రం పట్టీ తెగేదాకా కొట్టాడు, తెగిన ముక్కను చూసి దాన్ని వాడే తెంపినట్టు మళ్ళీ కొట్టాడు. వీపు మీద చీలికలు పడ్డాయి, చొక్కా అంటుకుపోయింది, నీళ్ళు పోసి తీయాల్సొచ్చింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే సైకిలు రెండు టైర్లలోనూ గాలి గట్టిగా నింపి ఉంది. గొలుసుకు నూనె కూడా పెట్టాడు. మాట లేదు, మొహం చూడటం లేదు, గాలి మాత్రం నింపి ఉంది. కొట్టిన ప్రతిసారీ మర్నాడు టైర్లు రాయిలా ఉండేవి. బడికి వెళ్తూ ఎన్నిసార్లు మేకుతో పొడవాలనుకున్నాడో. ఒకసారి పొడిచాడు కూడా, అది కూడా నాన్నే అతికించాడు, అడక్కుండానే.

కూతురు పుట్టిన రోజున ఆస్పత్రి వరండాలో నిలబడి ఒట్టు పెట్టుకున్నాడు, నేను నాన్నను కాను. ఒట్టంటే నోటి మాట కాదు, తన పని తీరులోనే చేశాడు దాన్ని, ఒక ఏర్పాటులా. ఎప్పుడు కోపం వచ్చినా వెంటనే కళ్ళముందు నాన్న చెయ్యి తెచ్చుకోవాలి, పట్టీతో పైకి లేచిన చెయ్యి, దాన్ని ఆపాలి, ఆగు అనాలి. ఎనిమిదేళ్ళుగా చేస్తూనే ఉన్నాడు. కోపం వచ్చిన ప్రతిసారీ నాన్న చెయ్యి వచ్చేది, ఆగు అనేవాడు, అది ఆగేది. లోపలంతా చల్లబడేది. మరి పోయిన ఏడాది పెళ్ళాం మీద విసిరిన కంచం ఎవరు విసిరారు? మరి ఆ ఆదివారం మధ్యాహ్నం? భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని దున్న కోడు రాస్తున్నాడు, పక్కన ప్రెస్సు బొమ్మల కాగితాలు, నీళ్ళు తాగొచ్చేసరికి పిల్ల ఆ కాగితాలతో పడవలు చేసింది, పదకొండు పడవలు, వరసగా, నాన్న కోసం. ఛెళ్ళుమంది. పిల్ల తూలి బల్ల అంచుకు తగిలింది, లేచింది, మళ్ళీ ఛెళ్ళుమంది, ఈసారి చెవి మీద. అరుపుకు పెళ్ళాం లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి పిల్లను లాక్కుంది. చాలాసేపు తర్వాత, పిల్ల నిద్రపోయాక, ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా అంది. "మీరు కొట్టేటప్పుడు మీ మొహం ఎంత ప్రశాంతంగా ఉంటుందో తెలుసా మీకు? అది చూస్తేనే నాకు భయం." ప్రశాంతంగా ఉంటుందట. ఎందుకుండదు? లోపల ఆగింది అని వచ్చేసింది కదా. ఆ రోజు నుంచి పిల్ల, అతను ఉప్పు అందుకోవడానికి చెయ్యి చాపినా, జుట్టు సర్దుకోవడానికి ఎత్తినా, ఎడమ చెవి మూసుకుంటోంది. తెలిసి మూసుకోదు, కబుర్లు చెబుతూనే మూసుకుంటుంది.

పదకొండూ ఇరవై రెండు. చాలించు. నంబరు ఎక్కించు. ఫైలు తెరిచాడు. చాలా పైన పాత దున్న ఉంది. పాత దున్న అంటే షెడ్డు మూలన టార్పాలిను కప్పుకుని పడి ఉన్న పాత ప్రెస్సు, ఇరవయ్యేళ్ళు రేకు కొరికి పళ్ళరిగిపోయాక పక్కకు నెట్టేశారు, దాని గాలి తొట్టె మాత్రం ఇంకా వాడుతున్నారు కనుక కోడులో దాన్ని ఉంచాడు. కొత్తది వచ్చినప్పుడు దానికీ పేరు పెట్టమంటే పనివాళ్ళు ఒప్పుకోలేదు, దున్న అంటే దున్నే, ఆ చోట నిలబడేది ఏదైనా దున్నే అన్నారు. వారం రోజులు కొత్త దున్న అన్నారు, తర్వాత కొత్త కూడా ఊడిపోయింది. అతను కూడా కోడులో అదే పేరు పెట్టాడు, బోర్డుల మీద అదే ఉంది, మళ్ళీ మార్చడమెందుకని. కిందికి వచ్చాడు. ఇదిగో కొత్త దున్న. పేరు, సమానం గుర్తు, తెరిచే వంకర బ్రాకెట్టు, లోపల దానికి సంబంధించినవన్నీ వరసగా, బరువు, వేగం, ఎవరెవరి కార్డులకు లేవాలి, చివర ఒక చిన్న ఫంక్షను, పిలిస్తే ఒక పని చేసే ముక్క, దాని పేరు ఆపు. అది చెప్పేది ఇంతే. చెయ్యి అడ్డం వస్తే దున్నను ఆపు, ఆగిందని రాయి. కొత్త దున్న కడుపులో కూర్చుని అది దున్న అన్న పేరే పిలుస్తోంది. తర్వాత మూసే బ్రాకెట్టు. చిటికె నంబరు చెరిపాడు, ఆమె నంబరు కొట్టాడు, కర్సరు ఒక లైను కిందికి జారి ఆపు లోపలి దున్న మీద పడింది. కోడు రాసే ఈ ఎడిటరుకొక అలవాటుంది, ఏ పేరు మీద కర్సరు పెడితే ఆ పేరు ఎవరిదో అక్కడ పసుపు రంగు వెలిగిస్తుంది. పైన ఏడు లైన్ల దూరంలో, కొత్త దున్న పేరు మీద వెలగాలి. వెలగలేదు. పైకి జరిపాడు. ఇంకా పైకి. రెండు వందల లైన్ల పైన, ఫైలు నెత్తిన, పాత దున్న పసుపుగా వెలుగుతోంది.

లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు. ఈ భాషలో ఒక నియమముంది, పదిహేనేళ్ళ కిందట మొదటి వారంలోనే నేర్చుకున్నాడు, కొత్తగా చేరినవాళ్ళకు నవ్వుతూ నేర్పాడు. కొత్త పేరు దాని వాక్యం పూర్తయ్యాకే పుడుతుంది. మూసే బ్రాకెట్టు పడేదాకా అది లేనట్టే. కడుపులోని ఫంక్షను కడుపులో ఉండగా తన పేరు పిలిస్తే, తను ఇంకా పుట్టలేదు గనక, అదే పేరుతో అంతకుముందున్నవాడు పలుకుతాడు. అప్పుడు ఎవర్ని పట్టుకుందో జీవితాంతం వాణ్ణే పట్టుకుని ఉంటుంది. చిటికె చెయ్యి తెర దాటింది. ఆపు లేచింది. దున్నను పిలిచింది. మూలన టార్పాలిను కింద ఉన్న ముసలిది పలికింది. ఆగి ఉన్నావా? ఉన్నాను, నాలుగు నెలలుగా ఆగే ఉన్నాను. సరే, ఆగింది అని రాసింది. రాసిన అక్షరం తప్పు కాదు. కొత్త దున్న మాత్రం తన దారిన తను నోరు మూసింది. కొత్త దున్నను సోమవారం పొద్దున పరీక్షించినప్పుడు ఎందుకు తెలియలేదు? పిల్లను కొట్టిన మర్నాడు. పెళ్ళాం మాట చెవుల్లో గింగురుమంటుంటే, ఎవరి మీదో తెలియని కసితో, ప్రెస్సు పైన ఊరికే నిలబడి ఉండగానే తెరకు చెయ్యి అడ్డం పెట్టి స్క్రీను చూశాడు. దున్న ఆగింది అని వచ్చింది. టిక్కు పెట్టాడు. కింద రేకు పెట్టి, పడుతున్న దెబ్బను ఆపి చూడాలి కదరా వెధవా. ఎన్ని పరీక్షలు చేసిన మనిషివి. స్క్రీను చూసి ప్రెస్సును చూడలేదు. పిడికిలితో తన తొడ మీద తనే గుద్దుకున్నాడు, మళ్ళీ మళ్ళీ, ఎముక దాకా దిగేలా, నొప్పి వచ్చింది గానీ సరిపోలేదు.

పదకొండూ ముప్ఫై ఆరు. సరిదిద్దడం రెండు లైన్ల పని. ముందు ఉత్త పేరును పుట్టించాలి, లోపల ఏమీ లేకుండా, ఖాళీగా. అప్పుడు దాన్ని నింపాలి. అప్పుడు కడుపులోంచి పిలిచినా అదే పలుకుతుంది. కొట్టాడు. కర్సరు పెట్టి చూశాడు, ఏడు లైన్ల పైన పసుపు వెలిగింది. భద్రపరిచాడు. అయిపోయింది. కింద ఆ మనిషి చేతికి ఇక భయం లేదు. ఎవరికీ తెలియదు, ఎవరికీ తెలియనక్కర్లేదు, ఫైలు తారీఖు మారింది కానీ నంబరు ఎక్కించడానికి ఎలాగూ మారాలి. చెప్తే ఏమవుతుంది? ఉద్యోగం ఊడుతుంది, కేసు పడుతుంది, ఇంట్లో పెళ్ళాం మొహం, షెడ్డులో అందరి మొహాలు. చెప్పకపోతే చిటికె అబద్ధాలకోరుగా మిగులుతాడు, అంతే, చెయ్యి ఎలాగూ తిరిగి రాదు. ఆమె జీవితాంతం ఈ ప్రెస్సు దగ్గర నిలబడి పని చేసుకుంటుంది, సురక్షితంగా, ఎందుకు సురక్షితమో తెలియకుండా. ఊపిరి వదిలాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. బరువు దిగినట్టయింది. ఈ తేలిక తనకు బాగా తెలుసు, ఎక్కడో పట్టి చూసినట్టుంది, వేళ్ళతో నొక్కి చూసినట్టు, గట్టిగా, రాయిలా.

సైకిలు టైర్లు.

గాలి నింపాడు తను. మాట లేకుండా, మొహం చూడకుండా, పొద్దున్నే లేచి గొలుసుకు నూనె కూడా పెట్టాడు. ఇక ఆమె సైకిలెక్కి వెళ్ళిపోవాలి. నాన్న పోయి పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా ఆగే ఉన్నాడు, కట్టెలా, కదలకుండా. అతనికి కోపం వచ్చిన ప్రతిసారీ ఆగు ఆగు అని ఆ చచ్చినవాణ్ణే ఆపుతూ వచ్చాడు, వాడు ఆగినట్టు ప్రతిసారీ రాసుకున్నాడు, ఈలోగా చెయ్యి తన దారిన తను పిల్ల చెవి మీద పడుతూనే ఉంది. కొట్టింది నాన్న కాదు. నాన్న చెయ్యి కాదు, నాన్న కోపం కాదు, నాన్న పోలిక కూడా కాదు. ఎవరో ఒకరి పేరు చెప్పుకోవడం ఎంత సుఖంగా ఉందిరా ఇన్నాళ్ళూ, అని పైకే అన్నాడు, అద్దాల గదిలో ఎవరికీ వినబడదు కాబట్టి. పదకొండూ యాభై. తను రాసిన రెండు లైన్లనూ తనే చెరిపాడు. తప్పును మళ్ళీ దాని చోట పెట్టాడు. మెట్లు దిగాడు.

"ఏమయ్యా, నంబరు ఎక్కిందా? పన్నెండవుతోంది" అన్నాడు ఫోర్‌మన్.

"అందరూ వెనక్కి జరగండి. అమ్మా, నువ్వు కూడా. బాగా వెనక్కి." కొక్కేనికున్న చిటికె కుడిచేతి తొడుగు తీసుకున్నాడు, నూనె గుడ్డలు కుక్కాడు, వేళ్ళు నిండేదాకా ఒక్కొక్క వేలూ కుక్కాడు, చీపురు కర్రకు తొడిగి కట్టాడు. ఫోర్‌మన్ ఏదో అంటున్నాడు, నీకేమైనా పిచ్చా అంటున్నాడు కాబోలు. పళ్ళెంలో రేకు పెట్టాడు. పెడలు ఒక్కసారి తొక్కి కాలు తీసేశాడు, అందరూ చూసేలా అడుగు వెనక్కి వేశాడు, కర్ర చాపాడు. ఎర్ర దీపం వెలిగింది. తెర చూసింది. దున్న ఆగలేదు. ధన్ మంది. కర్ర చేతుల్లోంచి ఊడి ఎగిరింది, మోచేతుల దాకా జిల్లుమంది. పక్క స్క్రీను మీద అక్షరాలు పడ్డాయి. ఫోర్‌మన్ వాటిని చిన్నపిల్లాడు కూడబలుక్కున్నట్టు చదివాడు. "చెయ్యి అడ్డం. దున్న ఆగింది." మళ్ళీ చదివాడు.

"పెడలు రెండోసారి ఎవరూ తొక్కలేదు. నేను రాసింది మూలనున్న పాత దున్నను ఆపింది. దీన్ని కాదు" అన్నాడు గాజుగది సారు.

ఆమె నడిచి వచ్చింది. దున్న నోట్లోంచి తొడుగు లాగింది. నాలుగు వేళ్ళు కాగితంలా అయిపోయాయి, బొటనవేలు మాత్రం గుండ్రంగా నిలబడి ఉంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేత్తో అతని చెంప మీద కొట్టింది. పళ్ళు కదిలాయి. మళ్ళీ కొట్టింది. మూడోసారి గోళ్ళు దిగాయి, చెంప నుంచి దవడ దాకా మండింది, నోట్లో ఉప్పగా తగిలింది. చెవుల్లో హోరు లేచింది, అదే హోరు, గేటు దగ్గరిది, భోజనాల బల్ల దగ్గరిది, ఒళ్ళంతా ఒక్కసారి భగ్గుమంది. కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు దగ్గర ఉన్నాయి. గడియారం పట్టీ సగం ఊడి ఉంది. చూశాడు. నాన్న రాలేదు కళ్ళముందుకు. టైర్ల కొట్టు లేదు, అర లేదు, రబ్బరు వాసన లేదు, ఉన్నది తన పది వేళ్ళు, తను కొనుక్కున్న గడియారం. ఆగు అన్నాడు వాటితో. వెంటనే ఆగలేదు. పట్టీ ఇంకొంచెం జారింది, వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి, ఎంతసేపో. అప్పుడు ఒక్కొక్క కన్నమే వెతుక్కుంటూ పట్టీని మళ్ళీ బిగించుకున్నాడు. లోపల చల్లబడలేదు. మంట మంటలాగే ఉంది.

"నాకెందుకు చెప్తారు?" అంది ఆమె, రొప్పుతూ. "నాకు ముందే తెలుసు. ఆయనకి చెప్పండి."

చిటికె ఫోను నంబరు ఆమే చెప్పింది, అంకె అంకెగా, అతను నొక్కాడు. షెడ్డులో యంత్రాలన్నీ ఆపించాడు ఫోర్‌మన్, అంత నిశ్శబ్దం అక్కడ ఎవరూ ఎన్నడూ వినలేదు. మోగుతోంది. ఎడమ చేత్తో ఎత్తాలి కదా, ఆలస్యమవుతుంది. ఎత్తాడు.

"ఎవరూ?"

"నేనే."

"నేనే అంటే?"

"గేటు దగ్గర నిన్ను కొట్టినవాణ్ణి" అన్నాడు.